చివరిసారి చూసిన ఎండ

“లైటు వెయ్యకండి బావగారూ! గొట్టం మూత తీసి ఉంది.”

స్విచ్చి మీదికి వెళ్ళిన చెయ్యి వెనక్కి వచ్చింది. ఎర్రదీపపు మసక వెలుగులో ప్రయోగశాల అధిపతి తడుముకుంటూ వచ్చి మరదలి పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు.

“శనివారం కూడా ఈ చీకటికొట్టేనా? ఇల్లూ వాకిలీ లేనట్టు! వరండా కిటికీలో మీ అక్క మొక్క తల వాల్చేసింది, చూశావా? నీళ్ళన్నా పొయ్యి.”

“పోశాను. వేరు దెబ్బతిన్నట్టుంది.”

ఇల్లు విడిచే ముందు వారమే అక్క దుమ్ముకొండ నుంచి బస్తాడు ఎర్రమన్ను తెచ్చి, మేడమీద ఎండలో పట్టా పరిచి ఆరబెట్టి, ఆ కుండీ నింపి మొక్క నాటింది. తరువాత దాన్ని ఎవరూ కదిలించలేదు. పదకొండేళ్ళ కిందట మాటా మాటా పెరిగి ఆమె కట్టుబట్టలతో వెళ్ళిపోయిందన్నది బావ మాట. పోలీసులు అదే రాసుకున్నారు. బంధువులు అదే నమ్మారు. చెల్లెలు మాత్రం నమ్మలేదు. అక్క ఏమైందో తేలేదాకా ఆ ప్రయోగశాల గడప దిగనని, జుట్టు నెరిసినా అక్కడే ఉండిపోయింది.

ఆ ఇంటిల్లిపాది వృత్తీ దుమ్ము చదవడమే. వేల ఏళ్ళుగా గాలి మోసుకొచ్చి పోసిన ఆ కొండలో, వానలు దండిగా కురిసిన కాలాలు ఎర్రని పొరలుగానూ, రుతుపవనాలు మొహం చాటేసిన కాలాలు పాలిపోయిన పొరలుగానూ మిగిలి ఉన్నాయి. ఏ పొర ఏనాటిదో తేల్చాలంటే నల్లగుడ్డ కప్పుకొని, వెలుగు సోకకుండా, ఇనప గొట్టం దిగగొట్టి మన్ను తీయాలి. ఆ రేణువులు ఎండ మొహం చూసి ఎన్నేళ్ళయిందో యంత్రం చెబుతుంది.

“ఇదెక్కడిది?” అన్నాడు బావ.

“కొండమీది పాత కందకంలోని ఎర్రమన్ను.”

“ఎంత వచ్చింది?”

“పదకొండు.”

“వేలా?”

“ఏళ్ళు.”

స్టూలు కిర్రుమంది.

“గొట్టంలోకి వెలుగు సోకి ఉంటుంది. పారెయ్.”

“వెలుగు సోకితే సున్నా రావాలి కదండీ. మీరు నేర్పిందే.”

ఆయన గొట్టం నడిమి మన్నును తానే చిటికెడు తీసి, కడిగి, ఆరబెట్టి, పళ్ళెంలో పరిచి యంత్రంలో పెట్టాడు. సాయంత్రం దాకా అక్కడినుంచి కదలలేదు. మళ్ళీ పదకొండే.

“అంటే కందకంలో ఎవరో తవ్వి పూడ్చి ఉండాలి, అంతేనా బావగారూ?”

“నువ్వు పొరబడ్డావేమో.”

“నేను పొరబడొచ్చు. యంత్రం పొరబడదు. ఇదీ మీరు నేర్పిందే.”

“నా పాఠాలు నాకే అప్పజెప్పకు!” ఆయన నవ్వబోయాడు, నవ్వు రాలేదు. “పోనీ, ఇప్పుడేం చేద్దామని?”

“సోమవారం పొక్లెయిన్ వస్తుంది. కందకమంతా తిరగతోడిస్తాను.”

“నీకు అబద్ధమాడ్డం చేతకాదు మరదలా,” అంటూ ఆయన లేచాడు. “నీతో వచ్చిన చిక్కే అది.”

మర్నాడు మిట్టమధ్యాహ్నం. ఆదివారం కనుక దుమ్ముకొండ మీద పనివాళ్ళు లేరు. పాడుబడ్డ పనిముట్ల షెడ్డులో మరదలు, ఆమె పక్కన ఇన్‌స్పెక్టరు.

“ఇంత కొండలో ఎక్కడని తవ్వమంటారమ్మా అని మిమ్మల్ని ఎన్నిసార్లు తిప్పి పంపానో!” అని గొణిగాడు ఆయన. “ఇవాళ కూడా వట్టిచేతులతో పోతామేమో.”

“మాట్లాడకండి. కారు వస్తోంది.”

బావ పార భుజాన వేసుకుని కందకంలోకి దిగాడు. ఎర్రపొర వంక చూడనైనా లేదు. ఏదీ వెతకలేదు. తిన్నగా తూర్పు మూలకు నడిచి, కోటు విప్పి, తవ్వడం మొదలుపెట్టాడు. నడుము లోతు దిగేసరికి పారకు గుడ్డ తగిలింది. వెలుగు సోకకుండా వాళ్ళు కప్పుకొనే నల్లగుడ్డ. ఆనాడు అక్కను అందులో చుట్టాడు.

ఇన్‌స్పెక్టరు చెయ్యి భుజమ్మీద పడగానే ఆయన పెనుగులాడలేదు. మరదలి వంక చూశాడు.

“యంత్రం పట్టిచ్చింది నన్ను.”

ఆమె గుంట అంచున మోకరిల్లి, ఆ గుడ్డ కొస తొలగించింది. ఇన్నేళ్ళకు అక్క మీద ఎండ పడింది.

జీపు తలుపు వేసి ఇన్‌స్పెక్టరు తిరిగివచ్చాడు.

“ఆ గొట్టం జాగ్రత్తమ్మా. కోర్టులో మనకు మొదటి సాక్ష్యం అదే.”

“అది సాక్ష్యానికి పనికిరాదు.”

“అదేంటమ్మా? లెక్క తప్పా?”

“లెక్క నిజమే.” ఆమె చేతులకంటిన ఎర్రదుమ్ము దులుపుకోకుండానే లేచి నిలబడింది.

“ఆ మన్ను అక్క పూలకుండీలోది.”