కోరాగుడ్డ

"నా కాలు ఎక్కడ పాతిపెట్టించారండీ, డాక్టరుగారూ?"

ఏలూరులో తన ఇంటి అరుగు మీద కూర్చున్న రిటైర్డు సర్జను పాండురంగారావు తలెత్తాడు. ఎదురుగా ఊతకర్ర మీద ఏలీయా. పాము కరిచిన ఆ కాలు తీసేసి, అతని ప్రాణం నిలిపింది తనే.

"ఇప్పుడెందుకయ్యా?"

"పెద్దవాణ్ణయ్యానండీ. కొల్లేటికోటలో మావాళ్ల సమాధుల పక్కనే దాన్ని పాతుకుంటాను. నేనూ అక్కడికే చేరతాను కదండీ. ప్రభువు లేపిన రోజున ఒంటికాలితో ఎలా లేస్తానండీ?"

సంచిలోంచి కొత్త కోరాగుడ్డ తీశాడు. "చుట్టి తెమ్మని మా ఆవిడ రూతమ్మ ఇచ్చిందండీ."

"ఆసుపత్రి వెనక, గోడవార," అనేశాడు పాండురంగారావు.

ఏలీయా దణ్ణం పెట్టి, కర్ర ఆనించుకుంటూ గేటుదాకా వెళ్లాడు.

"ఆగు, ఏలీయా. అక్కడ లేదు. కోసినవన్నీ ఎక్కడ పారేసేవారో నేనెప్పుడూ అడగలేదు."

ఏలీయా వెనక్కి తిరిగాడు. గుడ్డ మళ్లీ మడతపెట్టాడు.

"పోనీలెండి. ప్రభువుకి తెలుసుగదండీ. కాని ఈ మాట మా పేతురుతో అనకండి. బయట బండిలో కూర్చున్నాడు."

"పేతురెవరు?"

"మీరు చెయ్యి తీసినవాడండీ. వాడూ గుడ్డ తెచ్చుకున్నాడు."