తడి ఆరని దండ

“ఏవండీ, ఎనిమిదైపోయిందండి! ఎనిమిదింటికల్లా అక్కడుండాలని నిన్న భాగ్యశ్రీ ఫోను పెట్టేయగానే చెప్పాను కదండీ.”

సీతారత్నం మాటకు దుర్గారాజు పేపరు దించలేదు.

“ఇప్పుడెళ్ళి ఖాళీ కుర్చీలు లెక్కపెట్టమంటావా? రిబ్బను కోసేది నేను. నేనెళ్ళినప్పుడే మొదలవుద్ది.”

చేపల రైతుల సంఘం అధ్యక్షుడయ్యాక ఆయన టైముకు వెళ్ళిన సభ ఏలూరు చుట్టుపక్కల ఒక్కటీ లేదు. ఇవాళ కొల్లేటి గట్టున, చేపల్ని ఐసులో సర్దే ఆడవాళ్ళకు కట్టిన షెడ్డు తెరవాలి.

“పోయినసారి శంకుస్థాపనకి మీకోసం కూర్చుని వాళ్ళు లారీ వదులుకున్నారండి. చేపలన్నీ పాడైపోయాయి. వెంకాయమ్మ నా ముందే ఏడ్చింది. ఈసారీ అలాగే అయితే ఆ షెడ్డులో కాలు పెట్టరంట.”

“పెడతార్లే.”

చిత్రంగా ఆవిడ తాపీగా రెండో కాఫీ కూడా కలిపి ఇచ్చింది.

కారు గట్టెక్కేసరికి పది. కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయి. ఆయన దిగగానే అందరూ లేచి చప్పట్లు కొట్టారు. సంఘం కార్యదర్శి భాగ్యశ్రీ ఎదురొచ్చి దండ వేసింది. దాని మీద తడి ఇంకా ఆరలేదు. చేతికిచ్చిన టీ పొగలు కక్కుతోంది.

“సరిగ్గా టైముకు విచ్చేసిన మన అధ్యక్షులవారికి మరోసారి గట్టిగా చప్పట్లండీ!” అంది భాగ్యశ్రీ మైకులో.

దుర్గారాజు చెవులు ఎర్రబడ్డాయి. రెండు గంటలు కూర్చోబెట్టినందుకు ఇంత మర్యాదగా చెప్పుతో కొట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు.

వెంకాయమ్మ తడి కుచ్చెళ్ళతోనే వచ్చి ఆయన చేతులు పట్టుకుంది.

“పదకొండున్నరకి లారీ అండి, బాబుగారూ. ఇవాళ అందుకుంటామండి. మీ దయండి.”

దెప్పుతోందనుకున్నాడు. తీరా చూస్తే ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. ఆయనకు నిజంగా సిగ్గేసింది. మైకు అందుకున్నాడు.

“అమ్మా, ఇకమీదట నాకోసం ఎవరూ కూర్చోవద్దు. నేను రాకపోతే రిబ్బను మీరే కోసెయ్యండి. ఇదిగో, ఇవాళే మొదలెట్టండి.”

కత్తెర వెంకాయమ్మ చేతిలో పెట్టాడు. రిబ్బను తెగింది. ఈలలు, కేకలు. పదకొండున్నరకి ఆఖరి ట్రే కూడా ఎక్కి లారీ హారను కొట్టుకుంటూ కదిలింది. ఇన్నేళ్ళూ ప్రతి సభకూ ఆయన వెనక తల వంచుకుని నడిచిన సీతారత్నం, ఇవాళ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

తిరుగు దారిలో దుర్గారాజు అడిగాడు.

“ఎల్లుండి గూడెంలో మీటింగు ఎన్నింటికి?”

“తొమ్మిదింటికండి.”

“ఎనిమిదిన్నరకే అక్కడుందాం. ఇవాళ్టి సిగ్గు చాలు.”

సీతారత్నం కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

నిన్న ఫోనులో భాగ్యశ్రీ చెప్పింది పదింటికి.