నెత్తురు గుర్తుపట్టే తలుపు

ఇప్పుడు కాకినాడలో ఏ ఇంటికీ తాళం లేదు. ఇంటివాళ్ల నెత్తురు పంచుకున్న మనిషి గుమ్మం ముందుకు రాగానే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. అందుకే అనాథాశ్రమం పిల్లలు సెలవు రోజున వీధులు పట్టుకుని, గుమ్మం గుమ్మం ముందూ కాసేపు నిలబడి వస్తుంటారు.

ఆ ఆదివారం వీర్రాజు కాఫీ తాగుతుండగా తలుపు తెరుచుకుంది. ఎదురుగా పదేళ్ల పిల్ల. అచ్చం చెల్లెలు సత్యవేణి మొహం. కులం కానివాణ్ణి చేసుకుందని, పోయినప్పుడు కూడా ఇంట్లో ఎవరూ చూడ్డానికి వెళ్లని సత్యవేణి.

"మీరు నాకేమవుతారండీ?" అంది పిల్ల. దాని కళ్లు మెరిసిపోతున్నాయి.

"ఎవర్రా వచ్చిందీ?" లోపల్నుంచి తండ్రి కేకేశాడు.

"ఎవరూ లేరు నాన్నా, తలుపు పాడైంది" అన్నాడు వీర్రాజు, పిల్ల వైపు చూడకుండా.

"అలాగాండీ" అంది పిల్ల నెమ్మదిగా. "మా ఆశ్రమం తలుపూ అంతేనండి. ఎవరొచ్చినా తెరుచుకుంటది."

వీర్రాజు తలుపు నెట్టాడు. ఎదుట మేనకోడలు ఉండగా అది మూసుకోదు. భుజం ఆనించి నెట్టినా కదల్లేదు.

"ఉండండి, నేనూ ఓ చెయ్యేస్తాను" అంటూ పిల్ల బయటినుంచి రెండు చేతులతో లాగడం మొదలుపెట్టింది.

వీర్రాజు సిగ్గుతో తల దించుకున్నాడు. నెట్టడం మాత్రం ఆపలేదు.