చివరి ట్రాక్

“ఆ చివరిదొక్కటీ వాయించొద్దమ్మాయ్. బతిమాలుతున్నాననుకో.”

గిటార్ తీగలు బిగిస్తున్న గ్రీర్ తలెత్తి చూసింది. వేదిక మెట్ల దగ్గర అరవయ్యేళ్ల మనిషి నిలబడి ఉన్నాడు. పేరు మర్డో అట. రేవులో చేపల పడవల ఇంజన్లు బాగుచేస్తాడట. మంచి కోటు తొడుక్కొచ్చాడు గానీ గోళ్ల కింద గ్రీజు మాత్రం వదల్లేదు.

“చివరిది లేకపోతే ఎలాగండీ?” అంది గ్రీర్. “ఆల్బమ్ మొత్తం వాయిస్తామని డనీడన్ ఊళ్లో గోడలన్నీ పోస్టర్లతో నింపేశాం.”

“నా కోసం కాదు. మా ఆవిడ నైరీ కోసం.” గొంతు తగ్గించాడు. “పోయిన చలికాలంలో మా అబ్బాయి పోయాడు. కోరిన్. మోటార్ సైకిల్ మీద వెళ్తూ. వాడికి మీ ఆల్బమంటే ప్రాణం. వాణ్ని సాగనంపేటప్పుడు ఆ చివరి ట్రాకే పెట్టారు. మళ్లీ అది వింటే మా ఆవిడ తట్టుకోలేదు. ఇంతమందిలో కుప్పకూలిపోతుంది.”

“అయ్యో! మరి ఇక్కడికెందుకు తీసుకొచ్చారండీ?”

“నేను తీసుకురావడమేంటి? టిక్కెట్లు తనే తెచ్చింది. పదమంది. ఆవిడ పదమన్నాక నేను ఆగడం ఎప్పుడు జరిగింది గనక?” నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

గ్రీర్ గిటార్ కింద పెట్టింది.

“సరేనండీ. వాయించం.”

ఆయన ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, వదిలేసి, వెళ్లిపోయాడు.

డ్రమ్ముల వెనకనుంచి తామతి గొంతు వినబడింది. “నిజంగానే మానేస్తావా? ముందున్నవన్నీ వాయించేది ఆ చివరిదాని కోసమేగా! జనాన్ని కొండ ఎక్కించి, తీరా పైకెళ్లాక కళ్లు మూసుకోమన్నట్టుంటుంది.”

“ఆయన మొహం చూశావా నువ్వు?”

“చూశాను కాబట్టే ఇందాక నోరు మూసుకున్నాను. లేకపోతే ఊరుకునేవాణ్నా?”

వాళ్ల ఆల్బమ్‌లో ఒక్క మాట ఉండదు. గిటార్లూ, డ్రమ్ములూ, అంతే. మొదటిసారి విన్నప్పుడు గ్రీర్ వాళ్లమ్మ “బావుందే, పాడే పిల్ల రాలేదా ఆ రోజు?” అని అడిగింది. ఆ చివరి ట్రాక్ ఏం చెబుతుందో దానికి బాణీ కట్టిన గ్రీర్‌కే తెలీదు. విన్నవాళ్లు తలా ఒకటి చెప్పేవాళ్లు. ఇవాళ మర్డో చెప్పినలాంటిది మాత్రం ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం హాలు నిండిపోయింది. వాయిస్తూనే గ్రీర్ వాళ్లిద్దరినీ వెతికి పట్టుకుంది. వరస మధ్యలో కూర్చున్నారు. నైరీ చిన్న మనిషి. చేతులు ఒళ్లో పెట్టుకుని, స్టీమర్ కోసం ఎదురుచూస్తున్నదానిలా నెమ్మదిగా ఉంది. ఒక్కో ట్రాక్ అయినప్పుడల్లా మర్డో గ్రీర్ వైపు చూస్తున్నాడు, మాటిచ్చావు సుమా అన్నట్టు.

చివరిదానికి ముందుది అయిపోయింది. గ్రీర్ గిటార్ మెడలోంచి తీసింది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఇంకోటి ఉందని అక్కడ అందరికీ తెలుసు.

నైరీ లేచింది. మర్డో చెయ్యి పట్టి లాగుతున్నా విడిపించుకుని, కూర్చున్నవాళ్ల మోకాళ్లు దాటుకుంటూ వేదిక దగ్గరికొచ్చింది. గ్రీర్ అంచున వంగి కూర్చుంది.

“మా ఆయన వద్దన్నాడు కదూ?” అంది నైరీ మెల్లగా.

“మీకు కష్టమవుతుందనీ...”

“నాకు కష్టమో కాదో నాకు తెలీదా తల్లీ? వాయించు.”

“ఆయనకి మాటిచ్చానండీ.”

“ఆయనతో నేను చెప్పుకుంటాలే. నువ్వు వాయించు.”

ఆమె వెళ్లి భర్త పక్కనే కూర్చుంది. గ్రీర్ తామతి వైపు చూసింది. వాడు డ్రమ్ము కర్రలు అప్పటికే చేతిలోకి తీసుకున్నాడు.

ఒక్క తీగతో మొదలైంది. చాలాసేపు ఆ ఒక్కటే. తర్వాత డ్రమ్ములు, ఎక్కడో సముద్రమ్మీద వాన మొదలైనట్టు. వాన దగ్గరికొచ్చింది. మిగతా గిటార్లు కలిశాయి. కాళ్ల కింద చెక్కలు వణికాయి. ఇంకా, ఇంకా పైకి లేచి, ఇక లేవడానికి చోటు లేదనుకున్నప్పుడు అన్నీ ఒక్కసారిగా ఆగిపోయి, మళ్లీ ఆ మొదటి తీగ ఒక్కటే మిగిలింది.

ఆ నిశ్శబ్దంలో ఏడుపు వినబడింది. గుండె లోతుల్లోంచి, పగిలిపోయి, మనిషిదో కాదో తెలీనంతగా.

ఆఖర్లో పెంచిన వేదిక మీది దీపాలు కళ్లలోకి కొడుతున్నాయి. గ్రీర్‌కి ఏమీ కనబడలేదు. ఎంత పని చేశాను, అనుకుంది. ఆయన అంత చెప్పినా! ఎలాగో ముగించింది. చప్పట్లు మొదలవకముందే గిటార్ పక్కన పడేసి కిందికి దూకింది. జనాన్ని తప్పించుకుంటూ ఆ వరసలోకి పరిగెత్తింది.

“క్షమించండమ్మా, నేను వాయించకుండా ఉండాల్సింది—”

నైరీ కళ్లు పొడిగా ఉన్నాయి. ఒక చేత్తో భర్త వీపు నిమురుతూ, రెండో చేతి వేలు పెదవుల మీద పెట్టుకుంది.

“ష్... ఆయన్నిప్పుడు ఆపకమ్మా. కొడుకు పోయిన దగ్గర్నుంచీ ఎదురుచూస్తున్నాను, ఈ మనిషి ఎప్పుడు ఏడుస్తాడా అని.”