సీసం మీద లచ్చన్న

“పాస్‌పోర్టు తీసిపెట్టిన. రేపు నీకు విమానం. ఖలాస్!” అంటూ మొయినుద్దీన్ రూపాయి బిళ్లంత సీసం ముక్కను టేబుల్ మీద కొట్టాడు.

ఎడారి దేశంలోని అల్ మవాలే గోదాముకు అతను మేనేజరు. ఎదురుగా నిలబడ్డ లచ్చన్న డ్యూటీ ఒక్కటే: సరుకు ఎక్కిన లారీ తలుపుకు తీగ చుట్టి, దానికి సీసం బిళ్ల తగిలించి, పట్టకారుతో నొక్కి ముద్ర వేయడం. నిన్న ఆ ముద్ర చెక్కుచెదరకుండానే లారీ ఖబూరా చేరింది. లోపల మాత్రం పద్దెనిమిది టీపొడి పెట్టెలు లేవు.

“సీలు తెగలే. అంటే సీలు ఏసేముందే మాల్ మాయం జేసినవ్. హై నా?”

“విమానమెక్కుడు నాకు కష్టం గాదు సాబ్. దొంగ అని పేరువెట్టి ఎక్కియ్యకుండ్రి. ఊర్ల నా పెండ్లాం దేవవ్వకు నేను ఆఫీసర్నని ఉత్తరం రాయించిన.”

ఆ ‘ఆఫీసరు’ ఊరికే రాలేదు. పోయినేడాది ఒక తెల్లదొర ప్రొఫెసరు ప్రదర్శన పెట్టెలకు ఇక్కడే సీలు వేయించుకుంటూ, లోపలున్న పాత సీసం ముద్రలు చూపించాడు. వెయ్యేళ్ల కింద బైజాంటియం రాజ్యంలో గవర్నర్లూ ఖజానా అధికారులూ ఇలాంటి పట్టకారుతోనే ఉత్తరాలకు సీలు వేసేవారట. అందులో ఎవరి పేరు వాళ్లు చెక్కించుకునేవారట. ఆ సాయంత్రమే లచ్చన్న తనకు రాయడం వచ్చిన ఒకే ఒక్క మాటను, అంటే తన పేరును, మేకుతో పట్టకారు నోట్లో చెక్కుకున్నాడు. అప్పట్నుంచి అతని ఛాతీ దిగలేదు. కింది మంచంలో వెల్లకిలా పడుకుంటే పై మంచంలోవాడికి వీపు నొప్పి. బిర్యానీ పొట్లం తెచ్చినా తీగ చుట్టి సీలు వేసేవాడు. రూమ్‌లో పదకొండు మంది కటింగ్ ప్లేయరు కోసం ఆకలితో వెతుక్కునేవారు.

“లారీకెల్లి తీసిన సీలు గిదే, చదువు సంజీవ్. నాకు ఈ జిలేబీలు రావు,” అన్నాడు మొయినుద్దీన్.

సంజీవ్ గోదాము గుమస్తా. నిన్న ఆ లారీలోనే పఠాన్ డ్రైవరు పక్కన కాగితాలు పట్టుకుని ఖబూరా దాకా వెళ్లొచ్చాడు. రూమ్‌లో తెలుగు ఉత్తరాలన్నీ రాసేది అతనే. తప్పు కనబడితే దిద్దందే ముద్ద దిగదు. సొంత బావమరిది శుభలేఖను కూడా ఎర్ర పెన్నుతో దిద్ది తిప్పి పంపినవాడు.

అతను బిళ్లను వెలుతురుకు పట్టాడు.

“ల... చ్చ... న్న. ముత్యాల్లెక్క ఉంది సార్. ఒప్పుకో కాకా. మాఫీ అడిగితే సార్ కడుపుల పెట్టుకుంటడు.”

“ఏదీ, ఇటియ్యి.”

లచ్చన్న బిళ్లను చూశాడు. మళ్లీ చూశాడు. పొద్దుట్నుంచి కుంగివున్న ఛాతీ లేచిన లేపుకు చొక్కా గుండీ ఒకటి ఎగిరి మొయినుద్దీన్ చాయ్‌లో పడింది.

“ఇది నాది కాదు సాబ్.”

“అరే, నీ పేరే ఉందంటుండు గదా!”

“చదవొస్తుంది గదా? గందుకే నాది కాదు.”

జేబులోంచి పట్టకారు తీసి, కొత్త సీసం బిళ్ల పెట్టి, గవర్నరులా నొక్కి, రెండింటినీ పక్కపక్కన పెట్టాడు. మొయినుద్దీన్ ముక్కు ఆనించి మరీ చూశాడు.

“ఇదేంది? నీ జిలేబీలు అద్దంల చూసినట్టు ఉల్టా తిరిగినయ్!”

“సీదా చెక్కితే ఉల్టా పడ్తదని నాకేం ఎరుక సాబ్? దొర పెట్టెల గూడ గట్ల ఉల్టా పడ్డది ఒకటున్నదని దొరనే చెప్పిండు. ఆ ఆఫీసరు గూడ నా తీరోడే అనుకున్న. గందుకే మార్చలే. గదే నా నిశాని. ఏడాది సంది ఈ గోదాం నుంచి ఎన్ని బండ్లు పోయినయో, అన్నీ ఉల్టా లచ్చన్నతోనే పోయినయ్.”

“మరి ఈ నక్లీది ఎవడు జేసిండు? పఠానా?”

“చదువురాని దొంగైతే ఉల్టాను ఉల్టా లెక్కనే దించుతుండె సాబ్.” లచ్చన్న ఛాతీ దించకుండానే మెల్లగా పక్కకు తిరిగాడు. “తప్పు దిద్దందే నీకు ముద్ద దిగదు గద, సంజీవూ?”