రేపటిదాకా కదలదు

మొగుడి దెబ్బలకు తాళలేక వేంసూరు నుంచి పాత కారులో బయలుదేరిన నాగలత, భద్రాచలం అడవి దారిలో క్లచ్ పోయి మెకానిక్ పగిడయ్య షెడ్డులో చిక్కుకుంది.

మధ్యాహ్నం కారు కింద నుంచి అతని ఫోన్ మాటలు వినిపించాయి.

"అవ్ సారూ, మీ కారు ఈడనే ఉంది. క్లచ్‌తోపాటు ఫ్లైవీల్ గూడ పోయింది. రేపటిదాకా కదలదు. మేడం ఏడికి పోతది? నిమ్మళంగ రాండ్రి."

నాగలత రోడ్డు వైపు చూసింది. చుట్టూ అడవి. సాయంత్రందాకా బస్సు లేదు.

"మా ఆయనకెందుకు చెప్పావయ్యా? వస్తే నన్ను చంపేస్తాడు," అంది.

పగిడయ్య బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"ఆయన గొంతు వింటేనే తెలిసిందమ్మా. షెడ్డుషెడ్డుకూ ఫోన్ చేస్తుండు. లేదంటే రోడ్డంతా దేవులాడుతడు. ఉన్నదంటే రేపు తీరుబడిగ వస్తడు."

తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"కొత్తవి రెండూ బిగించిన. జల్దీ పో, బిడ్డా."