నూట పన్నెండో పేజీ

కళ్ళజోళ్ళ షాపాయన రిమోట్‌ని బల్లకేసి కొట్టాడు. బ్యాటరీలు రెండూ చెరో మూలకీ దొర్లాయి.

గోడమీది టీవీలో ఒక నవల ఆధారంగా తీసిన సీరియల్‌లో శుక్రవారం రాబోయే ఆఖరి భాగంలోంచి ఒక ముక్క చూపిస్తున్నారు. ఒక తల్లి తలుపు తీస్తోంది. గుమ్మంలో వానకి తడిసి ముద్దయిన కొడుకు.

"తీసేసింది! నూట పన్నెండో పేజీలో తియ్యని తలుపు, టీవీలో తీసేసింది!"

నవలల్ని సినిమాలుగా, సీరియళ్ళుగా తీసి పాడుచేసేవాళ్ళంటే అతనికి ఒళ్ళుమంట. నవల్లో ఒంటికాలి పోస్ట్‌మ్యాన్‌కి సినిమాలో రెండో కాలిచ్చి డాన్సు చేయించారని ఒకసారి నెల రోజులు నిద్రపోలేదు. పేజీ నంబరుతో సహా ఉత్తరాలు దంచేవాడు. వీధిలో అందరికీ అతను 'పేజీ నంబరే'.

ఇక ఈ నవలంటే ప్రాణం. రాసినవాడు చిన్నవయసులోనే పోయాడు. రాసింది ఇదొక్కటే.

"బాబూ, దీని కాడ ఊడింది. శుక్రవారంలోపు బాగుచేస్తావా? సీరియల్ చూడాలి."

ఎదురుగా ఒక ముసలావిడ. చేతిలో నల్లదారం చుట్టిన కళ్ళజోడు. కళ్ళు చికిలించి టీవీ వైపే చూస్తోంది.

"ఈ చెత్త చూడ్డానికి కళ్ళజోడు కూడానా?"

"తలుపు తీస్తే ఏం పోయింది నాయనా?"

"ఏం పోయిందా? కథే పోయింది! ఆ తల్లి కసాయిది. తనకి నచ్చని పిల్లని చేసుకున్నాడని కన్నకొడుకుని పొద్దుటినుంచీ వానలో నిలబెట్టింది. అలాంటిదాన్ని చివర్లో దేవతని చేస్తారా?"

"గడియ మీద చెయ్యేసుకునే నిలబడింది" అంది ఆవిడ మెల్లగా. "ఇంకొక్కసారి తలుపు కొడితే తీసేది. వాడు కొట్టలేదు."

"ఏ పేజీలో ఉంది?"

"పుస్తకంలో లేదులే. వాడు బయట నిలబడి రాశాడు. లోపలేం జరిగిందో వాడికేం తెలుసు?"

అతనికి నషాళానికంటింది.

"వాడా? అంతటి రచయితని వాడూ వీడూ అంటారా? మీలాంటి సీరియల్ పిచ్చోళ్ళ వల్లే పుస్తకాలిలా తగలడుతున్నాయి! చచ్చినవాడు లేచొచ్చి అడగలేడనేగా ఈ ధైర్యం? అతని మాట మార్చడానికి మీరెవరు?"

ఆవిడ టీవీ మీంచి చూపు తిప్పుకుంది.

"నిజమే. అది వాడి మాట" అంది.

కళ్ళజోడు బల్లమీదే వదిలేసి, గోడ పట్టుకుని మెట్లు దిగింది.

"చీటీ తీసుకెళ్ళండి! పేరైనా చెప్పండి!"

వెనక్కి తిరగలేదు.

ఎంత కోపమున్నా పని చెడగొట్టే మనిషి కాదతను. దారం విప్పి, కొత్త స్క్రూ బిగించి, అద్దాలు తుడిచి పెట్టాడు. బుధవారం ఆవిడ రాలేదు. గురువారమూ రాలేదు.

శుక్రవారం సాయంత్రం షాపులో ఒక్కడే కూర్చుని ఆఖరి భాగం చూశాడు, పళ్ళు నూరుకుంటూ.

తలుపు తెరుచుకోలేదు!

కొడుకు వానలోనే వెనుదిరిగాడు. నూట పన్నెండో పేజీ, ఉన్నదున్నట్టు.

అతను ఎగిరి గంతేశాడు. అదే ఊపులో దర్శకుడికి ఫోన్ చేశాడు. పోట్లాడీ పోట్లాడీ ఆ నంబరు కంఠతా వచ్చేసింది.

"దారికొచ్చారన్నమాట! నా ఉత్తరాలు పనిచేశాయి."

"మీ ఉత్తరాలు చెత్తబుట్టలో ఉన్నాయి" అవతల దర్శకుడు అంతకన్నా మండిపడుతున్నాడు. "అంత కష్టపడి తీసిన సీను మేమెందుకు కోస్తాం? హక్కులిచ్చిన పెద్దావిడే మొన్న ఫోన్ చేసి ఏడ్చారు. కళ్ళజోడు బాగుచేయించుకోడానికి వెళితే షాపులో ఎవడో గడ్డిపెట్టాడట. చచ్చినవాడి మాట మార్చడానికి నేనెవర్ని, తలుపు మూసెయ్యండి అన్నారు."

అతని చూపు బల్లమీదికి పోయింది. కొత్త స్క్రూతో కళ్ళజోడు అక్కడే ఉంది.

"ఎవ... ఎవరండీ ఆవిడ?"

"రాసినవాడి తల్లి. పైసా తీసుకోకుండా నవల మా చేతిలో పెట్టి, ఒక్కటే అడిగారు: నా కొడుక్కి టీవీలోనైనా ఒక్కసారి తలుపు తియ్యండి అని."